ప్రింటరు అసలు వెల ఎంత?

మీరు ఇంటికి ప్రింటరు కొనడానికి దుకాణానికి వెళ్లారనుకోండి. అక్కడ మీకు సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది: "మీ కంప్యూటరు ఏ కంపెనీదో ప్రింటరు కూడా ఆ కంపెనీదే తీసుకోండి. రెండూ చక్కగా కలుస్తాయి." రెండోది: "ఇది కొత్త మోడలు. ధర చాలా తక్కువ." మొదటి మాట ఒకప్పుడు కొంతవరకు నిజం. రెండో మాట ఇప్పటికీ సగమే నిజం. మిగతా సగం తెలుసుకోవాలంటే ఈ యంత్రం మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

నేను ఈ లెక్కలో పడటానికి కారణం మా పక్కింటి పిన్నిగారు. మేముండేది భిలాయిలోని కోహ్కాలో. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల భిలాయికి ఉక్కు కర్మాగారం వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కర్మాగారంలో పనికోసం దేశం నలుమూలల నుంచీ వచ్చి స్థిరపడిన వారిలో తెలుగువారు కూడా చాలామంది ఉన్నారు. వారి మనవలు ఇప్పుడు బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. పిన్నిగారు ప్రతి ఆదివారం ఉదయం పదిమంది పిల్లలను వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తారు. మా వీధి చివరి పుస్తకాల కొట్టులో తెలుగు వాచకం దొరకదు కనుక పాఠాలను ఆవిడే కంప్యూటరులో తయారుచేసుకుని, జిరాక్సు దుకాణంలో అచ్చు వేయించుకుంటారు.

"బాబూ, మా అబ్బాయి కంప్యూటరు కంపెనీవాళ్లే ఇళ్లకోసం కొత్త ప్రింటర్లు తెచ్చారట. నాలుగు వేలేనట. కొనమంటావా?" అని ఒకరోజు ఆవిడ అడిగారు.

"ఒక్క వారం ఆగండి పిన్నిగారూ, లెక్క చూసి చెబుతాను" అన్నాను. ఆ వారంలో నేను చూసిన లెక్క ఇది. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

సూదుల కాలం

నా వయసువారికి ప్రింటరు అనగానే మొదట గుర్తొచ్చేది చెవులు గింగురుమనే చప్పుడు. మా చిన్నప్పుడు నాన్నగారు ఆఫీసు నుంచి వాడేసిన కాగితాలు తెచ్చేవారు. రెండు అంచులా వరసగా రంధ్రాలుండి, విడదీయకపోతే ఇల్లంతా పరుచుకునే కాగితం అది. ఒకవైపు చుక్కలు చుక్కలుగా అంకెలుండేవి, రెండోవైపు మేము ఎక్కాలు రాసుకునేవాళ్లం.

ఆ అంకెలు వేసింది డాట్ మాట్రిక్స్ ప్రింటరు. దీని పని చాలా సులువు. నిలువుగా పేర్చిన సన్నని సూదులు ఉంటాయి. విద్యుదయస్కాంతం ఒక్కో సూదిని ముందుకు కొడుతుంది. సూదికీ కాగితానికీ మధ్య సిరా రిబ్బను ఉంటుంది. సూది కొట్టిన చోట ఒక చుక్క పడుతుంది. ఆ చుక్కలే కలిసి అక్షరమవుతాయి. 1980లో జపానుకు చెందిన ఎప్సన్ కంపెనీ తెచ్చిన ఎంఎక్స్-80 అనే 9 సూదుల ప్రింటరు ప్రపంచమంతటా అమ్ముడుపోయింది. మన దేశంలో ఎప్సన్ నమూనాలను విప్రో అమ్మింది. టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వారి ఎంఎస్‌పీ ప్రింటర్లు బ్యాంకుల్లోనూ కార్యాలయాల్లోనూ ఏళ్ల తరబడి చప్పుడు చేశాయి. కార్బన్ కాగితం పెట్టి ఒకేసారి మూడు ప్రతులు తీయడం ఇలా కొట్టి అచ్చువేసే యంత్రానికే సాధ్యం. అందుకే బిల్లులు వేసేచోట అది ఇంకా బతికే ఉంది.

అయితే తెలుగుకు తొమ్మిది సూదులు చాలవు. ఇంగ్లీషు పెద్ద 'ఏ' అక్షరం ఒకే అంతస్తు ఇల్లు. మన 'స్త్రీ' అలా కాదు. పైన గుడిదీర్ఘం, మధ్యలో సకారం, దానికింద తకారం, పక్కనుంచి చుట్టుకునే రకారం ఉంటాయి. ఇన్నింటినీ తొమ్మిది చుక్కల ఎత్తులో ఇరికిస్తే ఏది ఏదో పోల్చుకోలేం. అందువల్ల ఒక్క వరుసను రెండు మూడుసార్లుగా బొమ్మ గీసినట్లు వేయవలసి వచ్చేది. పని నెమ్మదించేది, రిబ్బను తొందరగా అరిగేది. 24 సూదుల ప్రింటర్లు వచ్చాక ఈ కష్టం కొంత తగ్గింది.

అసలు కంప్యూటరుకు తెలుగు అక్షరం తెలియడానికే వేరే కృషి కావలసి వచ్చింది. 1980లలో ఐఐటీ కాన్పూరులో మొదలైన పరిశోధన, 1988లో ఏర్పడిన సీ-డాక్ సంస్థ చేతిలో 'జిస్ట్' కార్డుగా రూపొందింది. దీన్ని కంప్యూటరులో గుచ్చితే భారతీయ లిపులు తెరమీదా కాగితంమీదా కనిపించేవి. 1991లో భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడిగా 'ఇస్కీ' అనే సంకేత ప్రమాణం ఖరారైంది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు కూడా ఉంది. ఈనాడు పిన్నిగారు ఏ కార్డూ లేకుండా 'స్త్రీ' అని కొట్టగలుగుతున్నారంటే వెనుక ఇంత కథ ఉంది. ఈ కథలో ప్రింటరు చేయవలసిన మార్పు ఒక్కటే: చుక్కను చిన్నది చేయడం. ఆ పని సూదులవల్ల కాలేదు, సిరా బొట్టు వల్ల అయింది.

బొట్టు పుట్టిన విధం

నల్లాను కొద్దిగా తిప్పి చూడండి. పైన నీరు సన్నని ధారగా దిగుతుంది. కొంత కిందికి వచ్చేసరికి ధార తెగి బొట్లుగా మారుతుంది. ఇలా ఎందుకు తెగుతుందో లార్డ్ రేలే అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1878లో గణితంతో వివరించాడు. సిరాను బొట్లుగా చిమ్మి రాయించవచ్చనే ఆలోచనకు పునాది ఇదే. 1950ల మొదట్లో స్వీడన్ ఇంజనీరు రూనే ఎల్మ్‌క్విస్ట్ సన్నని సిరా ధారతో గుండె కొట్టుకునే తీరును కాగితంమీద గీసే పరికరం తయారుచేశాడు. 1958లో మనిషి శరీరంలో అమర్చిన తొలి పేస్‌మేకర్‌ను తయారుచేసినవాడూ ఈయనే.

ఇంటి ప్రింటరుకు మాత్రం నిరంతరం చిమ్మే ధార పనికిరాదు. కావలసినప్పుడు, కావలసినచోట ఒకే ఒక్క బొట్టు పడాలి. దీనికి రెండు దారులు దొరికాయి.

మొదటిది వేడి దారి. 1977లో జపానులోని కానన్ కంపెనీ పరిశోధకుడు ఇచిరో ఎండో ప్రయోగశాలలో పనిచేస్తుండగా, వేడి టంకపు కడ్డీ అనుకోకుండా సిరా నింపిన సిరంజి సూదికి తగిలింది. వెంటనే సూది మొననుంచి సిరా చిమ్మింది. లోపల ఆవిరి బుడగ పుట్టి సిరాను బయటికి నెట్టిందని ఆయన గ్రహించాడు. దాదాపు ఆ రోజుల్లోనే, 1979లో, అమెరికాలోని హ్యూలెట్-పాకార్డ్ కంపెనీలో జాన్ వాట్ ఇదే సూత్రాన్ని విడిగా కనుగొన్నాడు. కాఫీ కాచే పాత్రలో అడుగున వేడెక్కిన నీరు పైకి ఎగదన్నడం ఆయనకు స్ఫూర్తి అంటారు. ఈ ప్రింటర్లలో వెంట్రుకంత సన్నని రంధ్రం వెనుక ఒక చిన్న విద్యుత్ నిరోధకం ఉంటుంది. సెకనులో లక్షలవంతు లెక్కన, క్షణమాత్రంలో అది సిరాను సుమారు 300 డిగ్రీలకు వేడిచేస్తుంది. బుడగ పుడుతుంది, బొట్టు ఎగురుతుంది, బుడగ చల్లారుతుంది, ఆ ఖాళీలోకి కొత్త సిరా వస్తుంది. సెకనుకు వేలసార్లు ఇదే జరుగుతుంది.

రెండోది ఒత్తిడి దారి. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. తిరగేసి చూస్తే, విద్యుత్తు ఇస్తే ఆ స్ఫటికాలు వంగుతాయి. సిరా గదికి అలాంటి పదార్థంతో గోడ కడితే, విద్యుత్తు ఇచ్చినప్పుడల్లా గోడ లోపలికి వంగి బొట్టును బయటికి నెడుతుంది. దీన్ని పియెజో పద్ధతి అంటారు. ఎప్సన్ ఈ దారి పట్టింది. 1994లో ఆ కంపెనీ తెచ్చిన స్టైలస్ కలర్ ప్రింటరు అంగుళానికి 720 చుక్కలు వేసింది. అంత చిన్న చుక్కల ముందు తెలుగు వత్తులూ గుణింతాలూ సమస్యే కావు.

ఈ రెండు దారులూ గుర్తుంచుకోండి. ఎండాకాలంలో మీకు వీటితో పనిపడుతుంది.

ఏనుగు చౌక, అంకుశం ఖరీదు

వేడి పద్ధతికి ఒక లోపం ఉంది. అన్నిసార్లు వేడెక్కి చల్లారే సూక్ష్మ నిరోధకాలు ఎక్కువకాలం మన్నుతాయన్న నమ్మకం మొదట్లో లేదు. హ్యూలెట్-పాకార్డ్ ఇంజనీర్లు దీనికి తెలివైన ఉపాయం ఆలోచించారు. బొట్లు చిమ్మే తలనూ సిరానూ ఒకే డబ్బాలో పెట్టారు. సిరా అయిపోగానే తలతో సహా పారేయాలి. 1984లో వచ్చిన థింక్‌జెట్ ఇలా పనిచేసిందే. దాని ధర 495 డాలర్లు. 1988లో వచ్చిన డెస్క్‌జెట్ మామూలు కాగితంమీద అంగుళానికి 300 చుక్కలు వేసింది. దాని ధర 995 డాలర్లు. 1990లలో పోటీ పెరిగి ఇంటి ప్రింటర్ల ధరలు ఏటేటా పడిపోయాయి.

ఇంజనీరింగ్ సమస్యకు పరిష్కారంగా పుట్టిన కార్ట్రిడ్జి అలా వ్యాపారానికి ఇరుసు అయింది. యంత్రాన్ని ఒకసారే కొంటాం. కార్ట్రిడ్జిని అది పనిచేసినంతకాలం కొంటూనే ఉంటాం. అటువంటప్పుడు యంత్రాన్ని తక్కువ లాభానికి, ఒక్కోసారి నష్టానికైనా అమ్మి, సిరామీద రాబట్టుకోవచ్చు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లు అని మన సామెత. ఇక్కడ ఏనుగును చౌకగా ఇచ్చేదే అంకుశం దగ్గర లాభం తీయడానికి.

కొనేవాళ్లు ఊరుకోలేదు. మన పట్టణాల్లో సిరంజితో ఖాళీ డబ్బాలోకి సిరా ఎక్కించి ఇచ్చే దుకాణాలు వెలిశాయి. అందుకు బదులుగా కంపెనీలు కార్ట్రిడ్జిమీద చిన్న చిప్‌ను అమర్చాయి. డబ్బా తమదా కాదా, ఎంత వాడారు అన్నది ఆ చిప్ ప్రింటరుకు చెబుతుంది. తగువు కోర్టులకెక్కింది. టోనరు డబ్బా చిప్ విషయంలో అమెరికాలో లెక్స్‌మార్క్ కంపెనీ వేసిన దావాలో 2004లో అప్పీలు కోర్టు పోటీదారు పక్షాన తీర్పు చెప్పింది. 2017లో ఇదే కంపెనీకి సంబంధించిన మరో కేసులో, ఒకసారి అమ్మేసిన డబ్బామీద పేటెంటు హక్కుతో పెత్తనం చేయడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం ఒకటి, యంత్రంలోని ప్రోగ్రాము ఒకటి. 2016 సెప్టెంబరు 13న హ్యూలెట్-పాకార్డ్ ఆఫీస్‌జెట్ రకం ప్రింటర్లు చాలాచోట్ల ఒక్కసారిగా ఇతర కంపెనీల కార్ట్రిడ్జిలను తిరస్కరించాయి. అంతకుముందే పంపిన ప్రోగ్రాము మార్పు ఆ రోజున పనిచేయడం మొదలుపెట్టింది. గగ్గోలు లేవడంతో ఆ అడ్డును తొలగించే ప్రోగ్రామును కంపెనీ అందుబాటులో పెట్టింది. ఆ తర్వాత అమెరికాలో నడిచిన దావాలో 15 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అయితే పద్ధతి పోలేదు. ఇతర చిప్‌లున్న డబ్బాలు పనిచేయకపోవచ్చునని ఇప్పుడు ముందే రాస్తున్నారు. కొనేముందు పెట్టెమీది ఆ చిన్న అక్షరాలు చదవడం మీ పని.

ఇండోనేషియా సీసాలు

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇండోనేషియాలో జరిగింది. అక్కడి వర్తకులు ఎప్సన్ ప్రింటర్లకు బయట ప్లాస్టిక్ డబ్బాలు తగిలించి, సన్నని గొట్టాలతో లోపలి తలకు సిరా అందేట్లు మార్చి అమ్మేవారు. సిరా సీసాల్లో చౌకగా దొరికేది. కంపెనీకి కార్ట్రిడ్జి అమ్మకం పోయింది. చెడిపోయిన యంత్రాలు మాత్రం దాని తలకే చుట్టుకున్నాయి.

ఎప్సన్ చివరికి ఆ వర్తకుల బాటే పట్టింది. 2010లో ఇండోనేషియాలోనే ఎల్-100, ఎల్-200 అనే ప్రింటర్లను సొంత సిరా తొట్టెలతో విడుదల చేసింది. యంత్రం ధర పెంచింది, సిరా ధర తగ్గించింది. ఆ రకం భారతదేశంతో సహా ఎన్నో దేశాలకు వచ్చింది. తర్వాత కానన్, హ్యూలెట్-పాకార్డ్, బ్రదర్ కంపెనీలు కూడా తొట్టె ప్రింటర్లు తెచ్చాయి. పెద్ద ప్రయోగశాలలు కనిపెట్టిన యంత్రం ధరను సరిచేసింది సిరంజీలూ సీసాలూ పట్టుకున్న చిన్న దుకాణదారులన్నమాట.

పేరు ఒకరిది, యంత్రం మరొకరిది

ఇక దుకాణంలో విన్న మొదటి మాటకు వద్దాం. కంప్యూటరూ ప్రింటరూ ఒకే కంపెనీవి కావాలా?

1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరుతోపాటు అమ్మిన ప్రింటరు నిజానికి ఎప్సన్ చేసిన ఎంఎక్స్-80. పైన పేరు మాత్రం ఐబీఎంది. 1984లో హ్యూలెట్-పాకార్డ్ తెచ్చిన లేజర్‌జెట్ లోపలా, 1985లో యాపిల్ 6,995 డాలర్లకు అమ్మిన లేజర్‌రైటర్ లోపలా ఉన్నది కానన్ చేసిన ఒకే రకం యంత్రభాగం. ఐబీఎం 1991లో తన ప్రింటర్ల విభాగాన్ని వదిలించుకుంది. అదే లెక్స్‌మార్క్ అయింది. యాపిల్ 1997లో ప్రింటర్ల తయారీ మానేసింది. 2003లో డెల్ తన పేరుతో ప్రింటర్లు మొదలుపెట్టింది, వాటిలో చాలావాటిని చేసిపెట్టింది లెక్స్‌మార్క్. కొన్నేళ్లకు డెల్ కూడా ఈ రంగం నుంచి తప్పుకుంది. ఇంకుజెట్‌ను సొంతంగా కనిపెట్టి, నేటికీ అటు కంప్యూటర్లూ ఇటు ప్రింటర్లూ అమ్ముతున్న హ్యూలెట్-పాకార్డ్ ఇందుకు మినహాయింపు.

ఒకప్పుడు ఒక్కో కంపెనీ తీగ ఒక్కోరకంగా ఉండేది కనుక ఒకే పేరున్న జంట కొనడంలో అర్థముంది. 1996లో యూఎస్‌బీ వచ్చాక ఆ కారణం దాదాపు పోయింది. ఈనాడు ఏ కంప్యూటరుకైనా ఏ ప్రింటరైనా కలుస్తుంది. కనుక పెట్టెమీది పేరు చూసి మొగ్గకండి. ఆ కంపెనీ కంప్యూటరు మంచిదైనంత మాత్రాన దాని ప్రింటరు మీ ఇంటికి తగినదని కాదు.

ఇప్పుడు లెక్క

పిన్నిగారి చేత ముందు ఒక నెలపాటు పేజీలు లెక్కపెట్టించాను. పదిమంది పిల్లలు, తలకు మూడు కాగితాలు, నాలుగు ఆదివారాలు: నెలకు 120 పేజీలు. ఎండాకాలం రెండు నెలలు ఆవిడ ఊరికి వెళతారు. మిగతా పది నెలలకు 1,200. అయిదేళ్లకు 6,000 పేజీలు.

ధరలు ఊరికీ మోడలుకూ మారతాయి కనుక లెక్కకోసం కొన్ని అంకెలు అనుకుందాం. మీరు మీ అంకెలు వేసుకోండి. కార్ట్రిడ్జి ప్రింటరు 4,000 రూపాయలు, 180 పేజీలు ఇచ్చే డబ్బా 900 రూపాయలు. అంటే పేజీ సిరాకు 5 రూపాయలు. తొట్టె ప్రింటరు 13,000, దాని సీసా 450 రూపాయలకు 4,500 పేజీలు. అంటే పేజీకి 10 పైసలు. నలుపు లేజర్ ప్రింటరు 14,000, టోనరు 1,500 రూపాయలకు 1,500 పేజీలు. అంటే పేజీకి ఒక రూపాయి. కాగితం ఒక్కొక్కటి 60 పైసలు. జిరాక్సు దుకాణంలో కాగితంతో కలిపి పేజీ 3 రూపాయలు. పెట్టెతోపాటు వచ్చే సిరాను లెక్కలోంచి వదిలేద్దాం.

అయిదేళ్లలో 6,000 పేజీలకు కాగితంతో సహా అయ్యే ఖర్చు చూడండి. నాలుగు వేల కార్ట్రిడ్జి ప్రింటరుకు 37,600 రూపాయలు. లేజర్‌కు 23,600. తొట్టె ప్రింటరుకు 17,200. దుకాణంలో అచ్చు వేయిస్తే 18,000.

అన్నిటికన్నా చౌకగా కనిపించిన యంత్రమే అన్నిటికన్నా ఖరీదైనది. దుకాణానికి నడిచి వెళ్లడంకన్నా రెండింతలు! తొట్టె ప్రింటరు కూడా దుకాణంకన్నా అయిదేళ్లకు మిగిల్చేది 800 రూపాయలే.

ఇక నెలకు 20 పేజీలే వేసే ఇల్లు తీసుకోండి. అయిదేళ్లకు 1,200 పేజీలు. దుకాణంలో 3,600 రూపాయలతో అయిపోతుంది. కార్ట్రిడ్జి ప్రింటరుకు 10,720, తొట్టెకు 13,840, లేజర్‌కు 15,920 అవుతుంది. ఇలాంటి ఇంటివారికి డబ్బు ఆదా కావడమే ముఖ్యమైతే సరైన సలహా ఒక్కటే: ఏ ప్రింటరూ కొనకండి.

పెట్టెమీద రాసే పేజీల సంఖ్యను కూడా కాస్త ఆలోచించి నమ్మాలి. ప్రింటర్ల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. నలుపు టోనరుకు 2004లో ఏర్పడిన ప్రమాణంలో పరీక్ష పేజీ దాదాపు 5 శాతం మేరకే నల్లబడుతుంది. మిగతాదంతా తెల్లకాగితం. పేజీనిండా పెద్దపెద్ద అక్షరాలు వేసి పిల్లలచేత దిద్దించే పిన్నిగారికి ఆ సంఖ్య రాదు. అందుకు నేను ఒక చిట్కా చెప్పాను. అక్షరాన్ని నిండుగా నల్లగా వేయకుండా అంచుగీత మాత్రమే వేయమన్నాను. దిద్దడానికీ అదే మేలు, సిరా ఖర్చు కూడా తగ్గుతుంది.

ఎండాకాలం సంగతి

అంకెల్లో రాని ఖర్చు ఒకటుంది. దాన్ని నేను అనుభవించి తెలుసుకున్నాను. చాలా ఏళ్ల క్రితం ఇంట్లో ఒక ఇంకుజెట్ ఉండేది. మే నెలలో అత్తగారి ఊరికి వెళ్లి నెలన్నర తర్వాత వచ్చి చూస్తే ప్రతి వరుసలోనూ తెల్లచారలే. శుభ్రపరిచే మీట నొక్కాను. మళ్లీ నొక్కాను. మూడోసారికి చారలు కొంత తగ్గాయి గానీ డబ్బాలో సిరా అయిపోయింది! శుభ్రం చేయడమంటే ఆ రంధ్రాలగుండా సిరానే లాగి పారబోయడమని అప్పుడు తెలిసింది. పారబోసిన సిరా అడుగున ఒక దూదిమెత్తలోకి పోతుంది. అది నిండిపోతే కొన్ని ప్రింటర్లు మెత్త మార్చేదాకా పనిచేయవు.

ఇంటి ప్రింటర్ల సిరాలో ఎక్కువభాగం నీరు. భిలాయిలో మే నెల ఎండ 45 డిగ్రీలదాకా పోతుంది. ఆ వేడికి రంధ్రం మొనదగ్గర నీరు ఇగిరిపోయి రంగు గడ్డకడుతుంది. తల కార్ట్రిడ్జిలోనే ఉంటే కొత్త డబ్బాతో కొత్త తల వస్తుంది. తొట్టె ప్రింటరులో తల యంత్రానికే ఉంటుంది, పాడైతే ఖర్చు పెద్దది. కొన్ని మోడళ్లలో తలను మనమే మార్చుకోవచ్చు. అలాంటిదేనా అని అడిగి తీసుకోండి. ఇంకో చిన్న జాగ్రత్త: ప్రింటరును దాని మీటతోనే ఆపాలి, గోడమీది స్విచ్చితో కాదు. మీటతో ఆపినప్పుడు తల ఒక మూలకు పోయి రబ్బరు మూతకింద దాక్కుంటుంది. నేరుగా కరెంటు తీసేస్తే అది దారిలోనే ఆగిపోయి గాలికి ఎండుతుంది.

లేజర్‌కు ఈ బాధ లేదు. టోనరు పొడి కనుక ఎండదు. అయితే ఆ పొడిని కాగితానికి కరిగించి అతికించడానికి వేడి కావాలి, అందుకు కరెంటు ఎక్కువ తీసుకుంటుంది. చిన్న ఇన్వర్టరుమీద పెట్టకూడదు.

పిన్నిగారు ఏం చేశారు?

లెక్క చెప్పగానే ఆవిడ నవ్వారు. "ఎనిమిది వందలు మిగలడానికి పదమూడు వేలు ముందు పెట్టమంటావా బాబూ?"

"డబ్బుకోసమైతే వద్దండీ. దుకాణమే మేలు" అన్నాను.

ఆవిడ కొంతసేపు ఆలోచించారు. "ఒక పిల్ల 'ఋ' దగ్గరే ఆగిపోయింది. ఇంకొకడు వత్తులకు వచ్చేశాడు. అందరికీ ఒకే పాఠం ఇస్తే కుదరడంలేదు. శనివారం రాత్రి కూర్చుని ఎవరి పాఠం వారికి వేసుకోవాలి. ఆ వేళకు దుకాణం ఎక్కడ తెరిచి ఉంటుంది?"

అది నా లెక్కలో లేని అంకె. ఏ ప్రమాణమూ దాన్ని పెట్టెమీద రాయదు. పేజీ ధర తెలిస్తే మోసపోకుండా ఉంటాం. ఆ పేజీ మనకెందుకో తెలిస్తేనే కొనాలా వద్దా అన్నది తేలుతుంది. ఆవిడ నాలుగు వేల కొత్త ప్రింటరు వదిలేసి, తలను మార్చుకోగల తొట్టె ప్రింటరు కొన్నారు. దాని కంపెనీ వేరు, ఆవిడ అబ్బాయి కంప్యూటరు కంపెనీ వేరు. రెండూ చక్కగానే కలిశాయి.

మే నెలలో ఊరికి వెళుతూ ఇంటి తాళంచెవి నాకిచ్చారు. "వారానికొక్క పేజీ వెయ్యి బాబూ, నాలుగు రంగులూ రావాలి" అన్నారు. ఇలా వారానికొకసారి కదిలిస్తే తల ఎండదని చెప్పింది నేనే కనుక తప్పించుకోలేకపోయాను. ప్రతి ఆదివారం వెళ్లి అచ్చులూ హల్లులూ రంగురంగుల్లో ఒక పేజీ తీస్తున్నాను. సెలవులకు ఊరెళ్లని పిల్లలు ఇద్దరు ఆ పేజీకోసం గుమ్మం దగ్గర నిలబడుతున్నారు.